పాస్‌లో అక్క పేరున్నన్నాళ్ళు

"చిన్నమ్మమ్మా, మా అమ్మమ్మకి సముద్రమంటే బహుత్ ఇష్టమట కదా. అమ్మ చెప్పింది. బిలాస్‌పూర్‌లో పుట్టిన మనిషికి సముద్రం ఎక్కడ దొరికింది?"

ఏటా రైల్వే పాస్ తీసుకుని సముద్రం చూడడానికి వెళ్ళేవాళ్ళమమ్మా. ఆ వెళ్ళడం మానేసి చాలా కాలమైంది. నీ ప్రశ్నకి జవాబు అంతే. అచ్ఛా, అది చాలలేదని నీ మొహమే చెబుతోంది. అయితే వరసలో చెబుతాను, మధ్యలో తొందర పెట్టకు.

మా నాన్నగారు, అంటే మీ అమ్మకి తాతగారు, ఇక్కడ గార్డు. ప్యాసింజరు గార్డని మీ అమ్మ గొప్పగా చెబుతుంది గాని, నేను చెప్పబోయే రోజుల్లో ఆయన గూడ్సు గార్డే. గూడ్సు బండి వెనక పెట్టెలో ఒక్కడూ కూర్చుని, ప్రతి స్టేషనులోనూ రాక ఎప్పుడు, పోక ఎప్పుడు, ఆలస్యమైతే కారణమేమిటి అని రాసుకోవడం ఆయన పని. ఇంట్లో కూడా అలాగే ఉండేవారు. అన్నం ఆలస్యమైతే కోప్పడరు, కారణం అడుగుతారు.

ఏడాదికొకసారి కుటుంబానికంతటికీ పాస్ వచ్చేది. అందులో పేర్లు రాసేవారు. ఆయన, భార్య, పెళ్ళికాని కుమార్తెలు ఇద్దరు. పెద్దామె మీ అమ్మమ్మ, రెండోదాన్ని నేను. పెళ్ళైన కుమార్తె పేరు పాస్‌లో ఉండదు, అది రూలు. టికెట్ ఎంత, ఆ రోజుల్లో ధరలెలా ఉండేవి అని మాత్రం నన్నడగకు. పాస్ మీద తిరిగినవాళ్ళకి ధరలు తెలియవు.

కాలనీలో మన తెలుగువాళ్ళంతా పాస్ మీద సొంత ఊళ్ళకి పోయేవారు. నాన్నగారికి ఊళ్ళో ఎవరూ మిగల్లేదు, విజయనగరంలో అక్కగారొక్కరే. ఆవిడ ఇంట్లో రెండు రోజులు దాటితే అక్కా తమ్ముళ్ళిద్దరికీ మాటా మాటా వచ్చేది. మూడో రోజు నుంచి సెలవు ఏం చెయ్యాలా అని ఆలోచించి, టైంటేబుల్ వెనకున్న పటంలో ఆయన ఒక సంగతి కనిపెట్టారు. వాల్తేరు నుంచి పూరీ దాకా సముద్రం లైనుకి ఆనుకునే ఉంది. రాయగడ మీదుగా కొత్త లైను పడ్డాక మాకు విజయనగరం కూడా దగ్గరైంది. "ఏడాదికో ఊరు దిగి చూద్దాం" అన్నారు.

పటంలో ఆనుకుని ఉందమ్మా. మొదట నౌపడాలో దిగాం. కళ్ళెదురుగా ఉప్పు మడులు తప్ప ఏమీ లేదు. నాన్నగారు స్టేషన్ మాస్టరుని అడిగారు, "సముద్రం ఏ ప్లాట్‌ఫారం వైపండీ?" అని. ఆయన చెయ్యి చాపి, "అలా నడిచి ఎల్లండి. సాయంత్రానికి కనబడుతుంది" అన్నాడు. నడిచాం. కనబడింది. అమ్మ సముద్రానికి వీపు పెట్టి సామాను కాస్తూ కూర్చుంది. నాన్నగారు గడియారం చూసి, "నలభై నిమిషాలు" అన్నారు. అప్పటి నుంచి ఏ ఊరి సముద్రమైనా మాకు నలభై నిమిషాలే. అయ్యాక నోటుబుక్కులో రాసేవారు. నౌపడా, రాక ఇంత, పోక ఇంత, ఆలస్యం మూడు నిమిషాలు, కారణం చిన్నమ్మాయి చెప్పు తెగడం. ఆ చిన్నమ్మాయిని నేనే.

అలా ఆరు ఊళ్ళు చూశాం. ఆరు అని అప్పుడనుకున్నాం. రంభలో దిగినప్పుడు మాత్రం సముద్రం నిజంగానే లైను పక్కన ఉంది. నాన్నగారికి ఎంత సంతోషమో, పటం నిజమైందని. అక్క ఒడ్డున నిలబడి, "అలలేవి నాన్నా?" అంది. ఆయన నీళ్ళకేసి చూశారు, గడియారం చూశారు. "ఈ రోజు లేవు" అన్నారు. రద్దయిన బండి గురించి చెప్పినట్టే చెప్పారు. మేము రైల్వే పిల్లలం. లేదంటే లేదు, రేపుంటుందని అర్థం. నమ్మేశాం.

ఏ మాటకామాట చెప్పాలి, నాకు సముద్రం మీద అంత పిచ్చి లేదు. నాకు ప్రయాణంలో పులిహోర ముఖ్యం. పిచ్చి మీ అమ్మమ్మదే. మీ అమ్మమ్మ ఇంట్లో నోరు విప్పని మనిషి. నీళ్ళలో మోకాలి దాకా దిగిందంటే మాత్రం వాగుతూనే ఉండేది, ఎవరితోనో తెలియదు. నాన్నగారు వినేవారు కాదు, గడియారం చూసేవారు. నేను వినేదాన్ని. ఏం మాట్లాడేదో అడగకు. అలల చప్పుడులో సగమే వినబడేది.

తర్వాత మీ అమ్మమ్మకి సంబంధం కుదిరింది. వరుడు సోంపేట దగ్గర బడిపంతులు. వరుడి తల్లిగారు పిల్లని చూడ్డానికి ఇక్కడికి, ఈ క్వార్టర్‌కే వచ్చారు. అదిగో, ఆ గోడవారనే కూర్చున్నారు. కాదు, తప్పు, అప్పటికి ఆ గోడ లేదు, తడిక ఉండేది. "పిల్లకేం వచ్చమ్మా?" అని అడిగారావిడ. అమ్మ వంటా కుట్టూ అని మొదలుపెట్టిందో లేదో, అక్క తలెత్తి, "ఆరు ఊళ్ళ సముద్రం చూశానండి" అంది.

"ఏవేటమ్మా?"

అక్క వరసగా చెప్పింది. రంభ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతిలో కాఫీ ఒలికిపోయింది, నవ్వుకి. "రంభలో సముద్రమేటి తల్లీ! అది చిలకా సరస్సు. కర్రతో పడవ తోసుకుంటారక్కడ!"

నాన్నగారు లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చారు. రంభ మీద ఒక్క గీత గీసి, పక్కన సంతకం పెట్టారు. గార్డు దిద్దుబాటు చేస్తే సంతకం పెట్టాలి.

సంబంధం ఖాయమైంది. ఆవిడ వెళ్ళాక అక్క అంది, "నాన్నా, ఒకటి తగ్గింది. పెళ్ళిలోగా ఇంకొకటి చూపించండి."

అమ్మకి కోపం వచ్చింది. "నువ్వెళ్ళేది సముద్రం పక్కకే కదే. రోజూ చూసుకో, ఎవరొద్దన్నారు? ఇప్పుడెందుకేటి?"

"అక్కడ నేను కోడల్నమ్మా. ఎవరైనా తీసుకెళ్తే చూస్తాను. ఇక్కడైతే పాస్‌లో నా పేరుంది."

మూడు ముళ్ళు పడిన రోజునుంచి ఆ పేరుండదు. పెళ్ళికి నెలరోజులుంది. విజయనగరం అత్తయ్యని బొట్టు పెట్టి పిలవాలి ఎలాగూ. నాన్నగారు పాస్ బరంపురం దాకా రాయించారు. పాస్‌లు రాసే బాబు తన మరదలి పెళ్ళికి సెలవు పెట్టి వెళ్ళాడు. పాస్ చేతికి వచ్చేసరికి ఇంట్లో పసుపు దంచడం అయిపోయింది.

నీకు తెలియదు గాని, మన ఇళ్ళలో పెళ్ళి పసుపు దంచాక పిల్ల ఊరు దాటకూడదు, ఏరు దాటకూడదు. రాయపూర్ వైపు బండి కదిలిందంటే అర్పా నది దాటాలి. అమ్మ గుమ్మంలో నిలబడి, "దాటడానికి వీల్లేదు" అంది.

"దాటేది రైలు. పిల్ల కూర్చునే ఉంటుంది" అన్నారు నాన్నగారు.

"మీ డ్యూటీ కబుర్లు నా దగ్గర కాదు."

"ఎక్కడ దాటిందో చెప్పు మరి. పెట్టెలోంచి దిగదు కదా."

అరగంట నడిచింది ఈ వాదన. చివరికి అమ్మ అక్క చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకుంది. వెళ్ళొచ్చు. సముద్రంలో మాత్రం పాదం పెట్టకూడదు. అక్క ఒట్టు వేసింది. మాట ఇస్తే తప్పే మనిషి కాదు మీ అమ్మమ్మ. ఆ గుణం మీ అమ్మకి వచ్చింది. నీ సంగతి ఇంకా తెలియదు.

అమ్మ పెళ్ళి పనులకి ఇంట్లో ఉండిపోయింది, విజయనగరంలో అత్తయ్యకి నేనే బొట్టు పెట్టాను. రెండు రోజులు కాలేదు కనక దెబ్బలాట లేదు. అక్కణ్ణుంచి బరంపురం. చూడవలసింది గోపాల్‌పూర్. అన్నేళ్ళూ దాన్ని ఎందుకు చూడలేదో తెలుసా? అక్కడికి రైలు లేదు, బస్సులో వెళ్ళాలి. గార్డు లేని బండి ఎక్కనని నాన్నగారి పట్టుదల. ఆ రోజు ఎక్కారు. ఎక్కి ముందు సీటు వదిలేసి వెనక చివర్న నిలబడ్డారు. బస్సు కదిలే ముందు చెయ్యి బయటపెట్టి ఊపారు. డ్రైవరు అటు చూడనైనా చూడలేదు. దారంతా వెనక్కే చూస్తూ నిలబడ్డారు, ఏ పెట్టె విడిపోతుందో అన్నట్టు. ఉన్నదొక్కటే పెట్టె.

గోపాల్‌పూర్ అలలు పెద్దవి. అంత చప్పుడు నేనెక్కడా వినలేదు. అక్క తడి ఇసుక మొదలయ్యే చోటుకి ఒక బారెడు ఇవతల ఆగిపోయింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది, అంతే. మాట్లాడలేదు. నీళ్ళలోనైతే మాట్లాడేది కదా.

అక్కడి పల్లెవాళ్ళు మన తెలుగే మాట్లాడతారు. వలలు ఆరబెడుతున్న ఒకావిడ చూసి, "ఏటి పాపా, అక్క అలాగ నిలబడిపోనాది? బయమేటి?" అని నన్నడిగింది.

"పెళ్ళికూతురండి. నీళ్ళలో దిగకూడదట."

"ఎవులు సెప్పినారు? మా పెళ్ళిళ్ళకైతే ముందు సముద్రానికే బొట్టెడతాం. దిగమ్మా, ఏటీ అవదు!"

అక్క నవ్వి, "మా అమ్మకి మాటిచ్చానమ్మా" అంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, "మాటిచ్చినోళ్ళు ఇంత దూరం ఎందుకొచ్చినారో" అని వలల దగ్గరికి తిరిగిపోయింది.

ప్రయాణానికి మా దగ్గర ఇత్తడి మరచెంబు ఉండేది, మూత తిప్పి బిగించేది. తాగే నీళ్ళు పారబోశాను. నీళ్ళలోకి దిగి సముద్రం నింపుకుని వచ్చాను. సముద్రంలో దిగకూడదంది అమ్మ. సముద్రం తేకూడదనలేదు. ఈ వాదన నేను నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను. మొదటి చెంబు పోస్తే సగం ఇసుకే తాగేసింది. రెండోది తెచ్చాను. మూడోది తెచ్చాను. అక్క పాదాలు చూసుకుంటూ, "చల్లగా లేదేమే?" అంది.

"దూరం నుంచి వచ్చింది కదా, దారిలో వేడెక్కింది."

అప్పుడు మొదలుపెట్టింది మాట్లాడడం. ఆ రోజు మొత్తం విన్నాను, పక్కనే నిలబడి పోశాను కనక. అది నీకు చెప్పను. నా దగ్గరున్న ఆమె వస్తువు అదొక్కటే.

ఎన్ని చెంబులు మోశానో లెక్క లేదు. నాన్నగారు గడియారం చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నలభై నిమిషాలు దాటాయి. పిలవలేదు. బస్సు హారను కొట్టాక నోటుబుక్కు తీశారు. గోపాల్‌పూర్, రాక, పోక, ఆలస్యం ఇరవై రెండు నిమిషాలు. కారణం దగ్గర పెన్సిలు ఆపారు. ఆ గడి ఖాళీగా వదిలి బుక్కు జేబులో పెట్టుకున్నారు. ఆయన సర్వీసు మొత్తంలో కారణం రాయని ఆలస్యం అదొక్కటేనని నా నమ్మకం.

పెళ్ళైంది. సోంపేట పంపించాం. ఆ ఇంటి నుంచి సముద్రం మూడు మైళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, ఆ మాట మీ అమ్మకి కూడా చెప్పే పెంచాను. దగ్గరున్నదాన్ని చూడడానికి ఎవరూ బయలుదేరరు, అంతే. మనం ఇక్కడి ఇంజన్ల షెడ్డు చూడడానికి వెళ్తామా? ఉత్తరంలో రాసింది, "గాలి ఇటు తిరిగితే చప్పుడు వినబడుతుంది. ఇంకా చూడలేదు" అని. పురిటికి ఇక్కడికి వచ్చింది. మీ అమ్మ పుట్టింది. పదకొండో రోజున జ్వరం తగిలింది, తగ్గలేదు. అప్పటికి ఆమెకి నీ వయసే.

ఏడుపెందుకమ్మా? వరసలో చెబుతానన్నాను కదా, ఇంకొక్కటి ఉంది.

పెళ్ళయ్యాక అక్క ఎప్పుడొచ్చినా పీట వేసి కూర్చోబెట్టారు. పనిలో చెయ్యి పెట్టనివ్వలేదు. పురిటికొస్తే మంచం దిగనివ్వలేదు. కనక మేమిద్దరం కలిసి చేసిన మామూలు పని ఏదని వెతుక్కుంటే, నాకు ఆ సాయంత్రం బరంపురం స్టేషనే కనబడుతుంది. చెంబు మరల్లో ఇసుక ఇరుక్కుని మూత పడలేదు. ప్లాట్‌ఫారం చివర కుళాయి దగ్గర ఇద్దరం గొంతుక్కూర్చున్నాం. అక్క జడలోంచి పిన్ను తీసి మరలు ఒక్కొక్కటే గీకుతోంది, నేను దోసిలితో నీళ్ళు పోస్తున్నాను. నాన్నగారు అటునుంచి, "సిగ్నల్ పడిందే" అని కేకేశారు. "ఉండండి, ఇంకో రెండు మరలున్నాయి" అంది. గీకింది, కడిగాం. చెంబు నిండా మంచినీళ్ళు పట్టాం. నేను చెంబు గట్టిగా పట్టుకున్నాను, అక్క మూత తిప్పింది. బిగిసింది. ఎక్కాం.