బండియ్య పడవకి సేపల మిసను బిగించిన కత

గరికిన బండియ్య అనేవోడు మా పేటలో తండేలు. తండేలంటే పడవకి పెద్దన్నమాట. ఆడు ఎయ్యమన్నకాడ వలెయ్యాల, తియ్యమన్నప్పుడు తియ్యాల. ఆడి పడవ మీద అయిదుగురు జనం బతికేవోరు. తండేలుగా ఆడికంత పేరు దేంతో వచ్చిందనుకున్నావు? సెవితో వచ్చింది. నడిసంద్రంలో ఇంజనాపించేసి, తెడ్డు నీటిలోకి దించి, దాని పిడికి సెవానించి కూకునేవోడంట. గొరక సేపలు గుంపుగా వస్తే కిర్రుకిర్రుమంటాయి కదా, ఆ సప్పుడు తెడ్డెంబడి పైకొస్తాదంట. అది ఇని తలెత్తి "ఎయ్యండ్రా" అనేవోడు. ఎయ్యడమే, నిండడమే. అలాటోడికి ఏటైందంటే, ముప్పయ్యేళ్లు ఇంజను పక్కన కూకుంటే సెవులు నిలుస్తాయేటమ్మా? మెల్లమెల్లగా పోనాయి. ఆ సంగతి పెళ్లాం ఎర్రమ్మకి తప్ప ఇంకో పురుగుకి తెల్దు. ఎవులేటన్నా నవ్వి తలూపేసేవోడు. తెడ్డుకి సెవానించడం మాత్రం మానేదు. పైకి మేకపోతు గాంభీర్యం, లోపలంతా దడ. తెలిసిపోతే ఏటవుతాదంటావా? ఇనలేనోడి ఎనకాల సంద్రంలోకి ఎవుడెల్తాడు సెప్పు. తండేలుతనం బావమరిది కొర్లయ్యకి ఎల్లిపోతాది, ఈడు ఒడ్డున కూకుని సిరిగిన వలలు కుట్టుకోవాల.

అలాటప్పుడు హార్బరులోకి సేపల్ని సూపించే మిసన్లొచ్చినాయి. ఎర్రమ్మే అన్నాది, "ఓలయ్యా, సెవి పోతే పోనాది, కన్నుంది కదా, అదొకటి ఎట్టించుకో" అని. సరే, వేట ఆపిన రోజులు, పడవ ఒడ్డునే ఉన్నాది, హార్బరు నుంచి మస్తాననే మెకానిక్కుని పిలిపించినాడు. ఆ మస్తాను పెట్టె ఇప్పి, "ఇదిగో తండేలు గారూ, ఇది తెర, మీ ముందుంటుంది. ఈ నల్ల బిళ్ల అడుగుకి అంటుకుని ఉంటుంది. ఇది నీళ్లలోకి కూతేస్తుంది, ఆ కూత చేపకి తగిలి వెనక్కొస్తే తెర మీద కనబడుతుంది" అని సెప్పి, పడవకి సిల్లెట్టడానికి మర తీసినాడంట. ఇంకేటి, అందరూ లేసినారు. మా కాడ గంగమ్మకి పూజ సేసి నీటిలో దించిన పడవకి మళ్లీ సిల్లెట్టరు, తల్లి కడుపులో మేకు దింపినట్టే అనుకో. "సరే బాబూ, చిల్లు వద్దు, లోపల్నించే జిగురుతో అంటిస్తాను, చోటు చూపించండి" అన్నాడు మస్తాను. బండియ్య సక్కా అణియంలోకి, అదే, పడవ ముందుకొసలోకి తీసుకెల్లినాడు. అక్కడేటుంటాదంటే, పైబరు పడవ పోసినప్పుడు పసుపు గుడ్డలో నవధానేలూ రూపాయి బిళ్లా మూటకట్టి అడుగులో ఎట్టి దాని మీద పోసేస్తారు. అది గంగమ్మ సోటు. తల్లి ఉన్నకాడ కన్నుంటే మంచిదని ఆడి లెక్క. మస్తాను రెంచీతో కొట్టి సూసి, "తండేలు గారూ, ఇక్కడ డొల్లగా మోగుతోంది, కింద గాలుంది, కూత దిగదు. అయినా ఇక్కడే పెట్టమంటారా?" అన్నాడు. బండియ్య ఏటి సేసినాడనుకున్నావు? నవ్వి తలూపినాడు. సెవిటోడి ముందు శంకం ఊదినట్టే కదా. మస్తానేమో పెద్దాయన మొక్కు కాబోలనుకుని అక్కడే అంటించేసినాడు. ఎర్ర వైరూ నల్ల వైరూ ఎనక్కి లాగి, ఇంజను వైరుతో కలిస్తే తెర మీద సీమలు పాకినట్టుంటాదని ఏరే దారంట తెచ్చి, మద్దెలో ఫ్యూజెట్టి బ్యాటరీకి కలిపినాడు. తెర ఎలిగింది. కొబ్బరికాయ కొట్టినారు.

వేట తెరిసినాక సంద్రంలోకెల్లినారు. తెర మీద ఏటీ నేదు. పైన ఒక గీత, అంతే, కింద కాళీ. మూడు రోజులు బండియ్య ఆ కాళీ తెర కేసే సూసి "ఎయ్యండ్రా" అన్నాడు, మూడు రోజులూ నీళ్లే తీసినారు. నాలుగో రోజు మస్తానుని మళ్లీ రప్పించినారు. ఆడు వచ్చీరాగానే, "డొల్లగా ఉందని నేను ఆ రోజే చెప్పాను కదండీ, మీరే తలూపారు" అన్నాడు. ఇసక మీద అయిదుగురూ బండియ్య మొకం కేసి సూసినారు. అప్పుడు కొర్లయ్య, "దానికేటుంది, మా బావ సంద్రం అడుగున సేప సప్పుడే ఇంటాడు, పడవ సప్పుడు ఇనలేడా? బావా, నాను కొడతాను, గట్టిసోటేదో నువ్వు సెప్పు" అని గట్టిగా అరిసి తెడ్డు తీసినాడు.

ఎర్రమ్మ సేపల గంప దించి పరిగెట్టుకొచ్చినాది. "తమ్ముడా, ఎండలో పడొచ్చినాడు, రేపు సూద్దారి" అన్నాది పాపం. బండియ్య సెయ్యెత్తి ఆపినాడు. పడవెక్కినాడు. ఒంగి, రెండు అరసేతులూ అడుగు మీద సాపి పెట్టినాడు. "కొట్టరా" అన్నాడు. కొర్లయ్య బయట తెడ్డు పిడితో కొట్టినాడు. అణియంలో దెబ్బ సేతికి రానే రానేదు. నడిమికి జరిగినాడు. పడవ మునక్కుండా లోపల బెండు నింపిన సోటది, అక్కడా రానేదు. జరిగి జరిగి ఎనక్కొచ్చి, తను రోజూ కూకునే సోటు పక్కన సేతులెట్టినాడు. కొర్లయ్య మళ్లీ కొట్టినాడు. మోసేతి దాకా జివ్వుమన్నాదంట. "ఇక్కడ" అన్నాడు. మస్తాను రెంచీతో కొట్టి, "కరెక్టే, గట్టిగా ఉంది" అన్నాడు.

కొర్లయ్య తెడ్డు దించినాడు. "బావా, సెవానించకుండా సేతులెట్టినావేటి?" అన్నాడు. బండియ్య ఆడి పెదాలు సూసి, "సెవి పోనాదిరా. రెండేళ్లైనాది. సెప్పనేకపోనాను" అన్నాడు. కొర్లయ్యకి కోపం రాదేటి మరి? "రెండేళ్లు అయిదుగురి పానాలు అలా తిప్పినావా? మరి వలెలా నిండింది?" అని కేకలేసినాడు. "నీటి రంగు సూసేవోణ్ణి. పిట్టల్ని సూసేవోణ్ణి. కాళ్లకింద పడవ ఊగుడు సూసేవోణ్ణి" అన్నాడు. "మరా తెడ్డు సెవికెందుకు ఆనించేవోడివి?" "మీకోసంరా. మీరు నమ్ముతారని." కొర్లయ్య లోపల లెక్కేసుకున్నాడు. నిజమే కదా, ఆ రెండేళ్లూ వల బరువు తగ్గింది గానీ కాళీగా ఎప్పుడు వచ్చింది? పిట్టల్ని ఒగ్గేసి తెర కేసి సూసిన మూడు రోజులే కదా.

బిళ్ల ఊడదీసి ఎనక అంటించినారు. గంగమ్మ సోటుకి ఎర్రమ్మ పసుపు రాసినాది. మర్నాడు పడవ దించినారు. దించినాక పడవ ఎనకాల, తండేలు కూకునే సోట, ఎవులు కూకోవాలో తెలీక అందరూ నిలబడ్డారంట. కొర్లయ్య బావని సెయ్యట్టుకుని అక్కడ కూకోబెట్టి, తను పక్కన కూకున్నాడు. నాలుగు బారల లోతుకి పోనాక మిసను కీకీమని కూసింది. సేపొస్తే కూస్తాదది, ఆ కూత బండియ్యకి ఇనబడనే నేదు. సంద్రం కేసి సూస్తన్నాడు. కొర్లయ్య మడంతో పలక మీద రెండుసార్లు తట్టినాడు. ఆ తట్టుడు కాళ్లకి తెలిసి బండియ్య తెర సూసినాడు, నీరెటు లాగుతుందో సూసినాడు, పిట్టల్ని సూసినాడు. మనోళ్లు వల పట్టుకుని "ఎప్పుడు, ఎప్పుడు" అంటన్నారు. ఆగమన్నాడు. ఇంకా ఆగమన్నాడు. అప్పుడు, "ఎయ్యండ్రా."

సగం వల నిండింది. నిండు వల అని నాను అబద్దం సెప్పను, ఆ పడవలో మా ఆయన కూడా ఉన్నాడు. మిసను సేపని సూపిస్తాది గానీ ఆగమని సెప్పదు కదమ్మా, దానికి తండేలు కావాల. ఇప్పటికీ బండియ్యే తండేలు, కొర్లయ్య మడమే ఆడికి సెవి. రాసుకున్నావా? ఇదీ రాసుకో. మా ఆయనకి రెండు సెవులూ నిక్షేపంలా ఉన్నాయి. ఇంటికాడ పిలిస్తే మాత్రం ఎంత తట్టినా పలకడు.