పద్నాలుగు మందికి ఒక్కటే దినం

"అమ్మమ్మా, నాచారం పచ్చళ్ల కంపెనీల లారీని ఆపినవంట, అమ్మ చెప్పింది. నిజమేనా?"

లారీని నేనెందుకు ఆపుత బిడ్డ, దానంతట అదే ఆగింది. రికార్డు జేసే ఆ ఫోను జర దగ్గర పెట్టు, గొంతు రాదు నాకు. ఆఁ.

అప్పటికి నేను పచ్చళ్లు కలపవట్టి ఇరవై ఏండ్లు. పొద్దుగాల ఉప్పల్ రింగురోడ్డు కాడ షేరాటో ఎక్కితె పది రూపాయలు... కాదు కాదు, మొదట్ల ఐదే ఉండె, మీ తాత వోయినంక పదయింది. సరే, గదంత ఎందుకు. పద్నాలుగు మందిమి ఆడోళ్లం. మామిడిముక్కలు, కారం, ఆవపిండి తొట్లల్ల కలిపి సీసాలల్ల నింపుడు మా పని. సూపర్‌వైజర్ ప్రసాదు సారు. కోస్తా దిక్కు మనిషి, మంచోడే గని, పచ్చడంటె ఆయనకు దేవుడు. బయటున్న ఆడిది, అదే, మీరు పీరియడ్స్ అంటరు గద, పచ్చడి ముట్టుకుంటె బూజు వడ్తదని ఆయన నమ్మకం. దొరికితె ఇంటికి పంపుడే. ఆ దినం కూలి లేదు.

మేము దొరుకుతమా? పొద్దుగాల తలుపు కాడ నిలవడి, గోడను జూసుకుంట, "బాగున్నారా అమ్మా అందరూ?" అని అడిగెటోడు. "మస్తున్నం సార్" అనెటోళ్లం. నేనైతె ఆగిపోయేదాక గట్లనే కలిపిన. ఒక్క సీసకన్న బూజు వట్టిందా? నువ్వే తిన్నవు గద.

గని మంజుల దొరికింది. జనగామ దిక్కు నుంచి వచ్చిన పిల్ల, పందొమ్మిదేండ్లుంటయేమో. మల్లాపూర్‌ల ఒక్క అర్రల నలుగురు. తండ్రికి చెయ్యి విరిగుండె, ఈమె కూలే ఇంటికి ఆధారం. ప్యాడ్ల ప్యాకెట్ కొననీకి పైసలెక్కడియి? తల్లి పాత చీరె చింపి పెట్టుకునేది. దినమంత నిలవడి చేసే పని, బట్ట ఆగుతదా? లంగకు మరక. ఒకసారి పంపిండు, రెండోసారి పంపిండు. ఇగ ఆ దినాలల్ల ఆమెనే రాకుంటయింది. సారన్నడు, "ఇంకొక్కసారి నాగా పెడితే వేరే పిల్లను చూసుకుంటాం."

గప్పుడే కొత్త టాక్స్ వచ్చింది సూడు. గాజులకు లేదంట, బొట్టుబిళ్లలకు లేదంట, ప్యాడ్లకు మాత్రం వందకు పన్నెండంట. టాక్స్ గలుపుకొని నలభై రూపాయల ప్యాకెట్, అండ్ల టాక్సే ఎంతైతది, నువ్వు జెప్పు?

"నాలుగు రూపాయల ఇరవైతొమ్మిది పైసలు అమ్మమ్మా."

సూడు, కన్ను మూసి తెరిచే లోపల! నువ్వు గప్పుడు ఢిల్లీల ఉంటె బాగుండు. బొట్టుబిళ్ల లేకుంటె ఒక దినం గడుస్తది, గిది లేకుంటె గడుస్తదా? ఆ రాసినోని ఇంట్ల ఆడోళ్లే లేరా అని, అన్నం తినేకాడ మేము తిట్టని తిట్టు లేదు. మరుసటేడు తీసేసిన్రనుకో. తిట్లు తగిలినట్టున్నయి.

గట్ల తిట్టుకుంటున్న దినాలల్లనే, ఒకనాడు మంజుల గేటు కాడ ఏడ్సుకుంట నిలవడ్డది. లోపలికొస్తె మరక, ఎనకకు వోతె నౌకరి. ఆ దినమే దసర లోడు, పొద్దుమీకే లోపల రెండు వేల సీసాలు నిండాలె. పిల్లను చెయ్యి వట్టి లోపలికి గుంజిన. అందరి చెవులల్ల ఒక మాట ఏసిన. సారొచ్చిండు, గోడను జూసుకుంట, "బాగున్నారా అమ్మా అందరూ?" అన్నడు.

"బాగలేను సార్," అన్న నేను. "బయటున్న."

నా ఎనక యాదమ్మ, "నేను గూడ సార్." ఆమె ఎనక ఇంకొకామె. పద్నాలుగు మందిమి! సారు మొఖం ఊరిన ఉసిరికాయ లెక్కయింది.

"అందరికీ ఒకేసారి ఎలా అమ్మా?"

"మాకేమెరుక సార్, దేవుడు పెట్టిండు."

గప్పటికే నాకు యాభై ఎనిమిదేండ్లు బిడ్డ! ఆగిపోయి ఎన్నేండ్లాయె! నా తెల్లెంటికలు జూస్తడు, అడగనీకి సిగ్గు, మళ్ల గోడను జూస్తడు. బయట లారాయన హారన్ కొడ్తనే ఉన్నడు. సారు తల వట్టుకున్నడు. "ఏదైనా దారి ఉందా అమ్మా?"

"ఉన్నది సార్. మా అవ్వ జెప్పేది. పాత బట్టకే పచ్చడి కరాబైతది, దుకాణంల కొన్న కొత్త ప్యాడుకు ఏ దోషం లేదు."

మా అవ్వ పాపం, ప్యాడే జూడలె! సచ్చిపోయి నలభై ఏండ్లు. నోటికొచ్చిన శాస్త్రం జెప్పిన. గంత మాట దొరికిందే సాలని సారే మెడికల్ షాపుకు ఉరికిండు. రెండు చేతుల నిండ నల్ల కవర్లు, ఆయాసపడుకుంట వచ్చిండు. మొదటి ప్యాకెట్ మంజుల చేతిల పెట్టిన.

లారీ పోయింది. తెల్లారి సూస్తె బాత్రూంల అట్టడబ్బ నిండ ప్యాడ్లు. పచ్చడి బాగుండాలని నెలనెల ఆయనే నింపెటోడు, ఎవ్వలను ఏం అడగకుంట. మంజుల నౌకరి నిలవడ్డది. ఇప్పుడు ఆడ సూపర్‌వైజర్ ఆమెనే. గోడను జూడది, మొఖం జూసి అడుగుతది.

ఇగ సాలు, బంద్ జెయ్యి. నీ సంచిల ఎప్పుడు ఒకటి ఎక్కువ పెట్టుకో, మెట్రోల ఎవ్వలకన్న అక్కరొస్తది. సల్లగుండు బిడ్డ. లే, ఆ ఆవకాయ జాడి జరిట్ల తే, అన్నం తిందం.

ఏంది, జాడి ముట్టకుంట ఆగినవ్? ఇయ్యాల నువ్వు...?

అయితేంది? చెయ్యి కడుక్కొని తే.