మోటారు మాడిన వాసన

మేడ మీది గదిలో బల్ల మీద నాలుగు మోటార్ల చిన్న డ్రోను ఉంది. దాని మోటారు ఒకటి విప్పి పట్టుకుని కూర్చుంది మనవరాలు. నాయనమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“వాసన చూడు నాయనమ్మా.”

“పొద్దుట్నుంచి పడిశం తల్లీ. ముక్కు పనిచెయ్యట్లేదు.”

“నిన్న పక్కింట్లో పాలు మాడితే ఇక్కణ్ణుంచే చెప్పావు.”

“అది నిన్న.”

“లోపలికి రా, గుమ్మంలో ఎందుకు? ఈ మోటారు లోపల రాగి తీగ చుట్టి ఉంటుంది, తీగ మీద సన్నటి పూత ఉంటుంది. అది కాలి బొగ్గయింది. ఇదిగో, ఎంత నల్లగా ఉందో.”

“పాతబడి ఉంటుంది.”

“కొని నెల కాలేదు.”

“ఈ కాలం సరుకులు అంతేనే. మా రోజుల్లో...”

“మీ రోజుల్లో డ్రోన్లు లేవు. సరుకుని అనకు. ఇది తన ఒళ్ళు కాక ఇంకో పావుకిలో మోస్తుంది. అంతే దాని శక్తి. అంతకు మించి కట్టారనుకో, పైకి లేవడానికి కరెంటు గటగటా తాగేస్తుంది. తాగినకొద్దీ వేడి. ఆ వేడి బయటికి పోయేలోపే...”

“చేతకాకపోతే ఆగిపోవచ్చుగా?”

“దానికి కాదనడం రాదు నాయనమ్మా. అడిగినంతా ఇస్తుంది. మాడిపోయేదాకా ఇస్తూనే ఉంటుంది.”

“అచ్చం మీ అమ్మలాగే.”

“మాట మార్చకు. మూడు మోటార్లు బానే ఉన్నాయి. బరువు ఒక పక్కకి వేలాడింది, ఆ పక్కది చచ్చింది. ఏం కట్టావు దీనికి?”

“నేనా! కళ్ళజోడు లేకపోతే గుమ్మమే కనపడదు నాకు. నేను విమానాలు నడుపుతానా?”

“ఎవరో అరకిలోకి పైనే కట్టారు.”

“అరకిలో ఏమిటే అడ్డగోలుగా! ఆ సీసా నా చిటికెన వేలంత లేదు.”

“ఏ సీసా?”

“ఏ సీసా ఏమిటి?”

“ఇప్పుడే అన్నావు, సీసా అని.”

“అన్నానా? నోరే, జారింది.”

“జారిందేదో పూర్తిగా జారనీ.”

“అరవనంటే చెప్తా.”

“అరవను.”

“మీ పెదనాన్నకి కాలు బెణికిందటే. కూరలావిడ చెప్పింది. చీలమండ గుమ్మడికాయలా వాచిందట. నిన్న నొప్పి నూనె పంపా. అంతే.”

“నాతో చెప్తే నేనే ఇచ్చి వచ్చేదాన్నిగా! ఎదురు మేడేగా.”

“మీ నాన్న ఏమన్నాడు? ఈ ఇంట్లోంచి ఒక్కరి కాలు ఆ గడప తొక్కినా ఊరుకోనన్నాడా, లేదా? చదరంగంలో గుర్రాన్ని జరిపి మళ్ళీ వెనక్కి పెట్టాడని సొంత అన్నతో మాటలు మానేస్తారుటే ఎవరైనా? ఇద్దరికీ తలలు నెరిశాయి.”

“చెయ్యి తీశాక వెనక్కి పెట్టకూడదు నాయనమ్మా.”

“నువ్వూ వాడి కూతురివే! అందుకే నేనేం చేశానూ, మేడ మీంచి మేడ మీదికి పంపా. డ్రోను ఏ గడపా తొక్కలేదు. వాడి మాట నేను దాటలేదు.”

“ప్లీడరువి కావాల్సింది నువ్వు. పెదనాన్న చూశాడా?”

“చూడకేం! ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చి విప్పుకున్నాడు. చెయ్యూపాడు. చిక్కిపోయాడే.”

“ఇందాక గుమ్మమే కనపడదన్నావు?”

“కన్నకొడుకు కనపడతాడే.”

“సరేలే. కళ్ళు తుడుచుకో. అలాంటి సీసా ఇంకోటుందా?”

“కొంగునే ఉంది. ఇవాళ పంపుదామనే వచ్చా. వస్తే నువ్వు దాన్ని కోసి కూర్చున్నావు.”

“ఇటివ్వు, తూచి చూద్దాం... ఇది యాభై గ్రాములు కూడా లేదు నాయనమ్మా! ఇంతమాత్రానికి మోటారు మాడదు.”

“చూశావా? ముసలిదాన్ని పట్టుకుని దొంగని చేశావు.”

“నిన్న దింపాక ముట్టుకుని చూశావా?”

“పాల గిన్నె చూసినట్టు నాలుగింటి మీదా వేలు పెట్టి చూశా. వేలు ఆనించలేనంత వేడైతే మళ్ళీ ఎగరెయ్యొద్దని నువ్వేగా చెప్పావు? గోరువెచ్చగా ఉన్నాయి, అంతే.”

“అయితే నీ తర్వాత ఇంకెవరో ఎగరేశారు.”

“మీ అమ్మ?”

“అమ్మకి రిమోటంటే టీవీదే.”

“కాకి తన్నిందేమో?”

“కాకి బరువులు కట్టదు నాయనమ్మా.”

“ఉష్! మెట్ల మీద మీ నాన్న. ఆ సీసా ఇలా పడెయ్. నూనె సంగతి ఎత్తావంటే నీతో నేనూ మాట్లాడను.”

తండ్రి గుమ్మంలోకి వచ్చాడు. చొక్కా ముందు భాగమంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

“ఏమిటి, నాయనమ్మా మనవరాలూ గుసగుసలు?”

“ఏం లేదురా. నడుం నొప్పి, దీనికి చెప్పుకుంటున్నా. నువ్వేమిటి, అలా తడిశావు?”

“కుళాయి... కుళాయి చిమ్మింది. అదేమిటమ్మడూ, విప్పేశావు?”

“మోటారు మాడింది నాన్నా.”

“మాడిందా? పూర్తిగానా?”

“పూర్తిగా. తీగ మార్చినా లాభం లేదు.”

“అయ్యో. అంటే... మాడతాయిలే ఇలాంటివి. అమ్మా, కాసేపు కిందికి వెళ్ళి పడుకోరాదూ?”

“నాకు మోకాళ్ళు నొప్పి. మెట్లు దిగలేను.”

“ఇందాక నడుం అన్నావు?”

“రెండూ.”

“అయితే చెవులు మూసుకో.”

“మూసుకున్నా. అడుగు.”

“నిన్ను కాదు, దీన్ని. ఏం లేదమ్మడూ, ఊరికే అడుగుతున్నా.”

“అడుగు నాన్నా.”

“దీనికి ఇంకాస్త సత్తువున్న మోటార్లు దొరుకుతాయా? అన్నయ్య కాలికి కాపడం పెట్టుకోవాలి. చిన్న వేడినీళ్ళ సంచి నిండా నింపి కడితే, మన పిట్టగోడైనా దాటకుండా నా మీదే పడింది.”