తిమోఫీ కూతురు

హలో… ఆ, నేనే. మోత్రియానే. ఎవరూ?…

ఉల్యానానా? ఏ ఉల్యానా?… ఆ, ఆ ఇటలీవాళ్ళ మాటలు మనకీ, మన మాటలు వాళ్ళకీ చెప్పే అమ్మాయివి కదూ? కోర్టు మెట్ల మీద కనబడ్డావు. ఎర్ర కోటు… గుర్తుంది. కంటికి పొర పట్టింది గానీ ఎరుపు కనబడుతుంది నాకు.

త్వరగా చెప్పు. బస్సుకి టైమవుతోంది…

ఎక్కడికైతే నీకెందుకు? ముందు నువ్వు ఫోన్ చేసిన పనేంటో చెప్పు…

రేపు పొద్దున్నా? నా మనవల్ని ఇక్కడికి తీసుకొస్తారా?… వచ్చి, నాకు కనబడి, ఇటునుంచి ఇటే కీవ్ వెళ్ళిపోతారు. అక్కణ్ణించి విమానం. బాగుంది… లేదు, కోపమేం లేదు. వస్తామని చెప్పినవాళ్ళని చాలామందిని చూశాను అమ్మాయ్, అందుకని.

— పరాస్కా, నువ్వు గేటు దగ్గరే ఉండు. బస్సు కనబడగానే కేకెయ్… ఆ, వాళ్ళే ఫోన్లో.

నీతో కాదు. పక్కింటావిడతో.

విను. రేపు ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు. నేనిప్పుడు పట్నం వెళ్తున్నాను, కోర్టుకి. ఆ దత్తత తీర్పు మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోడానికి ఇవాళే ఆఖరు రోజు… నాకెవరూ చెప్పక్కర్లేదు. బడికి వెళ్ళలేదు గానీ నాకు చదువొచ్చు. ఉప్పు పొట్లాల కాగితాలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని. కోర్టు గోడకి అంటించింది ముక్కు ఆనించి మొదట్నించి చివరిదాకా చదివే వచ్చాను.

… అభ్యంతరం ఉంది కాబట్టే వెళ్తున్నాను.

… ఏమిటా? సరే, నీ నోటితోనే చెప్పిస్తాను. నిన్న ఓస్తాప్ ఫోన్ చేశాడు, అనాథపిల్లల హోమ్ నుంచి. ఏం సంబరం వాడికి! 'బామ్మా, నేనిప్పుడు ఓస్తాప్ తిమోఫీవిచ్‌ని కాను, ఓస్తాప్ తుల్లియోవిచ్‌ని' అన్నాడు. పోనీలే అనుకున్నాను. పదకొండేళ్ళవాడు, కొత్త చొక్కా తొడుక్కున్నట్టే వాడికి. మరి అక్క జోర్యానాకో, అనడిగాను. 'అక్కకి మార్చలేదు, అక్క తిమోఫీవ్నాయే' అన్నాడు.

… అదీ నా అభ్యంతరం.

… ఉండు, ముందు నన్ను చెప్పనీ. ఆ ఇటలీ ఆవిడ నీ పక్కనే ఉందా? ఒర్నెల్లా?… అయితే ఆవిడకి చెప్పు. మా దగ్గర మనిషి పేరు వెనకాల తండ్రి పేరు కట్టి పిలుస్తాం, వీళ్ళకి పోయిన నా కొడుకు తిమోఫీ పేరు అలా కట్టిందే… చెప్పావా?… ఇంటిపేరు మారితే మారనీ, ఆడపిల్లకి పెళ్ళయితే ఎలాగూ మారేదే. కానీ ఒక కడుపున పుట్టిన అక్కాతమ్ముళ్ళకి ఒకే తండ్రి పేరు ఉంటుంది. వాడికొక తండ్రి, దానికొక తండ్రి అంటే ఊళ్ళో జనం ఏమనుకుంటారు? మా కోడలు బతికున్నన్నాళ్ళూ తాగింది, ఒప్పుకుంటాను. అంతమాత్రాన ఈ మాట కూడా పడాలా ఆవిడ?… చెప్పు, చెప్పు. మెత్తగా మార్చి చెప్పకు. ఆ రోజు కోర్టు మెట్ల మీద నేను గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే నువ్వు రెండు ముక్కల్లో తేల్చేశావు.

… ఏమంటోంది?

… ఏడుస్తోందా? ఎందుకూ? నేనింకా ఏమీ అనలేదే!

… ఎవరది? ఆవిడేనా?… నాకొక్క ముక్క అర్థం కావడం లేదు… ఆ, 'బాబా మోత్రియా' అంది, బామ్మా అని. అది తెలిసింది. పలకడం అలా కాదని చెప్పు… ఇంకోసారి అనమను… ఊఁ. కొంచెం నయం.

నువ్వు తీసుకో అమ్మాయ్ ఫోను. అసలు ఇంత పెద్ద పిల్లల్ని ఎవరు అడుగుతారు చెప్పు? అందరూ చంటిపిల్లలే కావాలంటారు… వేసవి సెలవులకి కొన్నేళ్ళుగా వాళ్ళింటికి వెళ్తున్నారు, నిజమే. బుగ్గలు వచ్చి, బొద్దుగా తిరిగొచ్చేవారు, కాదనను. బొద్దుగా బాతుల్ని మేమూ పెంచుతాం.

ఇంకోటి. వాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ మా జోర్యానా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పనికి పెట్టుకునే మనిషి చేతులు చూసినట్టు… చేతితొడుగులు అల్లడానికి కొలత చూసిందా? నీకలా చెప్పి ఉంటుంది.

వాళ్ళింట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉంది కదా, ఈ ఒర్నెల్లా తల్లి? నాకు తెలుసు. ఆవిడకి చెంచాతో సూప్ పట్టానని కిందటి వేసవిలో జోర్యానాయే చెప్పింది. మా ఊరి ఆడవాళ్ళు సగంమంది ఇటలీలో ఉన్నారు తల్లీ. ఎక్కడ? అక్కడి ముసలివాళ్ళ మంచాల పక్కన. మా పరాస్కా కోడలు అలాగే వెళ్ళింది. ఇక్కడ దాని పిల్లాడికి పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చాయి, అది మాత్రం రాలేదు. జీతమిస్తే అలాంటి వాళ్ళు దొరుకుతారు. జీతం ఇవ్వకుండా కావాలంటే?… అదీ సంగతి. వాడు కొడుకు, ఇది పనిపిల్ల. పనిపిల్లకి ఇంటాయన తుల్లియో పేరెందుకని మార్చలేదు. పిల్లల్ని నా దగ్గరే ఉంచమంటే ఈ వయసు చూసి, ఈ కళ్ళు చూసి ఇవ్వలేం అన్నారు. ఆ కళ్ళకే ఇదంతా కనబడుతుంటే మీకెవరికీ కనబడలేదా?

… ఏంటీ?

… పోయిందా? ఎవరు, ఆ ముసలమ్మా?… ఎప్పుడు?… చలికాలంలోనా! మరి నాకెవరూ చెప్పలేదే.

… దేవుడు ఆవిడ ఆత్మకి శాంతినివ్వాలి. శిలువ గుర్తు వేసుకున్నానని చెప్పు ఆవిడకి… ఏ జబ్బుతో?… నిద్రలోనా. ఊఁ. నిద్రలో పోయిందంటే బాగా చూసుకున్నట్టే… లేదంటే అసలు చూడనట్టు.

ఇది మాత్రం చెప్పకు! … చెప్పేశావా? నిన్నేం చెయ్యాలే…

— ఏంటి పరాస్కా?… అది పాలబండే! పాలబండికి కూడా కేకలా? బస్సు పసుపుపచ్చది.

అమ్మాయ్, ఉన్నావా?… చూడు, నా భయం నీకు తెలీదు. నాకో తమ్ముడుండేవాడు, లెవ్కో. కరువు ఏడాది మా ఇద్దర్నీ అనాథాశ్రమంలో పెట్టారు. ఓ రోజు ఒకాయన, ఒకావిడ వచ్చారు, మంచి బూట్లు వేసుకుని. వాణ్ణి తీసుకెళ్ళారు. నేను పెద్దదాన్నయిపోయానట, అక్కర్లేదన్నారు. వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాను, ఎవరో వచ్చి చెప్పారు. చాకుతోనే పరిగెత్తుకొచ్చాను. అప్పటికే బండి గేటు దాటింది… వాడి పేరు మార్చేశారు. తండ్రి పేరూ మార్చేశారు. పెద్దయ్యాక ఎన్ని ఊళ్ళకి రాశానో! 'ఆ పేరు గలవారెవరూ లేరు' — ఎక్కణ్ణించైనా అదే జవాబు. ఎందుకుంటాడు? మనిషి ఉండే ఉంటాడు, పేరే లేదు. నువ్వు చదువుకున్నదానివి, చెప్పు. ఏ పేరు పెట్టి వెతకాలి?

… లేదు, ఏడవటం లేదు. పొయ్యి పొగ.

… ఏంటీ, జోర్యానా అక్కడే ఉందా? ఇంతసేపూ వింటోందా?… ముందే చెప్పవేం! దానికివ్వు. నువ్వు పక్కకి వెళ్ళు. ఆవిణ్ణీ వెళ్ళమను.

జోర్యానా?… తల్లీ, నీ పక్కన ఎవరున్నారు?… నిజంగా ఎవరూ లేరా? భయమేస్తే ఊఁ అను చాలు, నాకర్థమవుతుంది… ఊఁ అన్నావా, దగ్గావా?… దగ్గేనా. మెడకి శాలువా చుట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు!

నిన్నేమైనా అన్నారా? మీ తమ్ముడికిచ్చిన పేరు నీకెందుకివ్వలేదు? నువ్వు వద్దన్నమాట వాళ్ళకి, అంతేగా?…

… ఇస్తామన్నారా?

… నువ్వే వద్దన్నావా!… ఎవరితో? జడ్జిగారితోనా? నువ్వు? నోరు తెరిచి? బడిలో పద్యం అప్పజెప్పమంటే బల్ల కింద దూరేదానివి!

ఏమని చెప్పావు?

… ఉండు, ఆ చెవి సరిగ్గా వినబడదు. ఈ చెవికి పెట్టుకుంటాను… ఇప్పుడు చెప్పు.

… 'మా ఇద్దరిలో ఒకరి దగ్గరైనా నాన్న పేరు ఉండాలి'… ఊఁ… 'మా బామ్మ వెతుక్కుంటే మేం దొరకాలి'…

…

ఉన్నాను. ఉన్నానే. లైను బాగానే ఉంది.

లెవ్కో తాత సంగతి నీకెవరు చెప్పారు?… నేనా?… హోమ్‌కి వచ్చినప్పుడల్లానా? అబద్ధం. పండగలకి చెప్పి ఉంటాను… సరే, ఆదివారాలు కూడా.

మరి ఓస్తాప్?… వాణ్ణి మార్చుకోమని నువ్వే చెప్పావా! అదెందుకే?… 'ఇద్దరం వద్దంటే ఆయన మనసు కష్టపెట్టుకుంటాడు.' ఓసి నా తల్లీ… పద్నాలుగేళ్ళకే కాపురం సర్దినట్టు సర్దేశావు. ఆయనకొకడు, మా తిమోఫీకొకతె.

నాకు ముందే చెప్పొచ్చుగా?… రేపు వచ్చి చెబుదామనుకున్నావా. నేనింకొంచెం ఉంటే బస్సెక్కి ఉండేదాన్ని.

… ఆయనేమన్నాడు, ఆ తుల్లియో?… లేచొచ్చి నీ నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాడా? జడ్జిగారి ఎదురుగానే?… నేను చూస్తే గానీ నమ్మను. రేపు ఆయన మొహం చూస్తాను, నా మొహానికి దగ్గరగా పెట్టుకుని.

ఇద్దర్నీ ఒకే ఇంట్లో ఉంచుతారు కదా?… పక్కపక్క గదులా. మధ్యలో తలుపుందా?… దానికి తాళం?… తాళమే లేదు. ఊఁ, సరే. ఎవరైనా వేయించబోతే నాకు ఫోన్ చెయ్యి.

— విన్నానే పరాస్కా, హారన్ నాకూ వినబడింది!

జోర్యానా, స్పీకర్ పెట్టు. తమ్ముణ్ణి పిలువు. వాళ్ళిద్దర్నీ, ఆ ఎర్రకోటు పిల్లనీ కూడా పిలువు… తొందరగా.

— పొమ్మను! ముసల్ది రావడం లేదని చెప్పు డ్రైవరుకి!… ఏమైనా అనుకోనీ. పొమ్మను.

… అందరూ వచ్చారా? ఉల్యానా, ఈ ఒక్క ముక్కా మార్చకుండా చెప్పు. ప్రయాణానికి ముందు అందరూ కాసేపు కూర్చోవాలి, మా ఆచారం. మాట్లాడకూడదు. కుర్చీలు లేకపోతే పెట్టెల మీద కూర్చోండి… ప్రయాణం రేపు కదా అంటోందా? రేపు వస్తే రేపు మళ్ళీ కూర్చుందాం. పిండిలో చెర్రీపళ్ళు కూరి, ఉడకబెట్టి వరేనికీలు చేస్తాను, తినకుండా ఎవర్నీ కదలనివ్వను. కానీ రేపు వాన పడొచ్చు, కారు ఆగిపోవచ్చు, మీకు మనసు మారొచ్చు… అనుమానమే. అవును, అనుమానమే అని చెప్పు ఆవిడకి. లెవ్కోని తీసుకెళ్ళేప్పుడు ఎవరూ కూర్చోలేదు. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే తీసుకుపోయారు.

కూర్చోండి. నేనూ కూర్చుంటున్నాను, పొయ్యి పక్కన బల్ల మీద.

… ఆయన కూర్చున్నాడా?… నేల మీదా? పిల్లల దగ్గరే? అయ్యో, కుర్చీ ఇవ్వండి… వద్దన్నాడా. సరే. ఇక మాట్లాడకండి.

…

… ముక్కు ఎగబీలుస్తున్నది ఓస్తాపే. తెలుసు నాకు.

…

…

ఇక లేవండి… రేపు పొద్దున్నే. గేటు తీసే ఉంచుతాను.

మీరే ముందు ఫోన్ పెట్టెయ్యండి… నేను ముందు పెట్టను జోర్యానా, నీకు తెలుసుగా… పెట్టెయ్, తల్లీ. నేను ఇంకాసేపు కూర్చుని లేస్తాను.