సరుకుల గదిలో శుక్రవారపు టేపు

1989 అక్టోబరు రెండవ తేదీ, సోమవారం నాడు శ్రీ తౌఫిక్ షాబూనీ గారు స్ఫాక్స్ నగరంలోని మన తీరప్రాంత శబ్ద భాండాగారంలో సహాయ సాంకేతికులుగా చేరారు. దాదాపు ముప్పై అయిదేళ్ళ నిష్కళంక సేవానంతరం నేడు, 2024 జూన్ 28న, పదవీ విరమణ చేస్తున్నారు. నిష్కళంకమన్న మాట ఇటువంటి వీడ్కోలు సంచికల్లో అందరికీ వాడేదే గాని, వీరి సర్వీసు పుస్తకంలో మాత్రం నిజంగానే ఒక మచ్చ ఉంది. ఆ మచ్చ పెట్టిన విభాగాధిపతి సల్వా మస్మూదీయే ఈ వ్యాసం రాస్తున్నది. ‘నేను’ అని రాయబోతే చెయ్యి ఆడక, తన సంగతి తానే పరాయి మనిషి సంగతిలా చెప్పుకొస్తోంది. పెద్దలు మన్నించాలి.

తీరానికెదురుగా ఉన్న కెర్కెన్నా దీవుల జాలరులు పాడిన పాటలు, చెప్పుకున్న తుపాను కథలు మన వద్దకు వచ్చేనాటికి బూజుపట్టిన రీళ్ళలో ఉండేవి. వాటిని మెత్తని గుడ్డతో తుడిచి, ఒక్కొక్కటే చెవి ఒగ్గి విని, కంప్యూటరులోకి ఎక్కించిన ఘనత తౌఫిక్ గారిదే. ఏ దస్త్రానికైనా మూడు ప్రతులుండాలనీ, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలనీ, అందులో ఒకటి ఈ కప్పు కింద ఉండరాదనీ వారి నియమం. అందుచేత 2004 నుంచి ప్రతి శుక్రవారం సర్వరులోని సమస్తాన్ని అరచేతిలో ఇమిడే టేపు మీదికి బ్యాకప్ తీసి, భోజనపు సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేవారు. సోమవారం అంతకుముందు వారపు టేపు తెచ్చి, అందులోంచి ఏదో ఒక పాట తిరిగి దింపి వినేవారు. ఎందుకండీ ఈ చాదస్తమని అడిగితే, “ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క గింజైనా నొక్కి చూడాలిగా” అనేవారు. వెనక మేమందరం నవ్వుకునేవాళ్ళం.

2011లో సల్వా విభాగాధిపతి అయింది. వస్తూనే జంట సర్వర్లు తెప్పించింది. ఒకదానిలో ఏది రాసినా రెండోదానిలో క్షణంలో పడుతుంది. ఇక టేపు ఇంటికి మోయడం మానమంది.

“ఇంటికి వద్దంటే మానేస్తానమ్మా. బయట ఇంకో చోటు చూపించండి, అక్కడ పెడతా.”

“రెండు సర్వర్లున్నాయి కదండీ. మీ వంటింట్లో అంతకన్నా ఏముందట?”

“ఒకే గదిలో రెండున్నా ఒకటే లెక్కమ్మా.”

కొత్త అధికారం, కొత్త కుర్చీ. నలుగురి ముందు ఎదురు చెప్పాడన్న ఉక్రోషం వేరే. ఆ ఏడాది నవంబరులోనే “భాండాగారపు ఆస్తిని అనుమతి లేక స్వగృహమునకు తరలించుట” అన్న నేరం మోపి మందలింపు పత్రం జారీ చేసింది. దాంతో రావలసిన ప్రధాన సాంకేతికుల పదవి వారికి నేటివరకూ రాలేదు. వారు చదువుకుని, “సంతకం ఎక్కడమ్మా?” అని మాత్రం అడిగారు.

2012 మార్చి 13, మంగళవారం ఉదయం. జాగా చాలడంలేదని సల్వా మొదటి సర్వరులోని కెర్కెన్నా ఫోల్డరును చెరిపేసింది. రెండోదానిలో ఉంటుందన్నది ఆమె ధీమా. తెరిచి చూస్తే అక్కడా ఖాళీ. నాలుగు వందల పన్నెండు గొంతులు, వాటిలో సగానికి పైగా అప్పటికే మట్టిలో కలిసినవారివి. పాత రీళ్ళా, ఎప్పుడో పొడై రాలిపోయాయి. తౌఫిక్ గారి బల్ల దగ్గరికి పరుగెత్తింది.

“రెండో దాంట్లో ఉండాలి కదా!”

“అది అద్దమమ్మా. మీరు చెవికమ్మ తీసేస్తే అద్దంలో మనిషికి మిగులుతుందా?” అని, లేచి, “ఓ గంట ఇంటికెళ్ళొస్తా” అన్నారు.

“ఇప్పుడు ఇంటికేమిటండీ?”

“మీరు మానమన్న పని మానలేదు. కావాలంటే మళ్ళీ రాసుకోండి.”

సల్వా కూడా వెంట వెళ్ళింది. ఏడాదికి సరిపడా గోధుమరవ్వలాంటి కుస్‌కుస్, ఎండు మిరప, ఆలివ్ నూనె నిలవచేసుకునే సరుకుల గదిలో, జాడీల వెనక, బిస్కెట్ల డబ్బాలో ఉంది శుక్రవారపు టేపు. వారి సతీమణి నజీహా గారు డబ్బా దించుతూ, “ఆఫీసువాళ్ళకి ఇన్నాళ్ళకి మా ఇంటి దారి తెలిసిందన్నమాట. ఏడాది తిండి దాచే కొంపలో ఇదో బరువా తల్లీ? ఆయనకి మందలింపు కాగితం ఇచ్చేదాకా పోయారు” అంది. సల్వాకు తల ఎత్తడానికి ముఖం చెల్లలేదు.

మధ్యాహ్నానికి నాలుగు వందల పదకొండు గొంతులు తిరిగొచ్చాయి. సోమవారం రికార్డు చేసిన ఒకే ఒక్క ముసలమ్మ పాట పోతే, తౌఫిక్ గారు మర్నాడే పడవెక్కి వెళ్ళి మళ్ళీ పాడించుకొచ్చారు.

అంతటితో బుద్ధి వచ్చి ఉంటే ఈ వ్యాసం అక్కరలేకపోయేది. పై అధికారులకు పంపిన నివేదికలో సల్వా “సర్వరు లోపమువలన నష్టము” అనీ, “విభాగాధిపతి ముందుచూపుతో భద్రపరచిన ప్రతివలన పునరుద్ధరణ” అనీ రాసింది. ప్రశంసాపత్రం అందుకుంది, చప్పట్లూ కొట్టించుకుంది. ఆ నివేదికను పంపేముందు చదివిన తౌఫిక్ గారు, “పన్నెండు కాదమ్మా, పదమూడో తేదీ” అని మాత్రం దిద్దారు. ఆనాటి నుంచి పన్నెండేళ్ళు రోజూ నమస్కారం పెడుతూనే ఉన్నారు. ఆ నమస్కారం అందుకున్నప్పుడల్లా ఆమె సిగ్గుతో చచ్చిపోయేది.

మందలింపు రద్దు చేయమనీ, నివేదిక అబద్ధమనీ ఆమె తన సంతకంతో గత వారం అర్జీ పెట్టుకుంది. జవాబు ఇంకా రాలేదు. తౌఫిక్ గారి నియమం ప్రకారమే ఈ వ్యాసాన్ని మూడు చోట్ల ఉంచుతున్నాము: సర్వరులో ఒకటి, టేపు మీద ఒకటి, అచ్చుప్రతి ఒకటి నజీహా గారి బిస్కెట్ల డబ్బాలో. రేపెవరికైనా, రాసినామెకే అయినా, చెరిపేయాలన్న బుద్ధి పుడితే ఒకటైనా మిగలాలి.

తౌఫిక్ గారూ, ఆ పత్రం రాసింది నేను. ఆ ఫోల్డరు చెరిపింది నేను. మీరు చేసిన పనికి నా పేరు పెట్టుకున్నదీ నేనే. మీ సరుకుల గది ఏటికేడు నిండుతూ, మీరూ నజీహా గారూ నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో ఉండాలని కోరే అర్హత నాకెంత ఉందో తెలియదు. అయినా కోరుతున్నాను.