పుల్లలకు కాపలా

చలికాలం పొద్దున అత్తగారు కత్తెర పట్టుకుని పెరట్లోకి వచ్చేసరికి, కోడలు హైడ్రాంజియా మొక్కకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుని ఉంది.

“లే. ఆ ఎండు పుల్లలు కత్తిరించాలి. చూడలేక చస్తున్నాను.”

“లేవను అత్తయ్యా.”

“ఏటా కత్తిరిస్తూనే ఉన్నాను. ఎప్పుడైనా అడ్డం వచ్చావా?”

“రాలేదు. ఎప్పుడైనా పూసిందా?”

“అదే నేనూ అనేది! మీ పుట్టింటి మొక్క కదా, ఆకుల ఆర్భాటమే తప్ప ఒక్క పువ్వు లేదు. ఈ వేసవికీ పూయకపోతే వేళ్లతో సహా పీకించేస్తాను.”

“దీని పువ్వు పాత పుల్లకే వస్తుంది. ఏటా చలికాలంలో మీరు రాబోయే పూలనే కోసి పారేస్తున్నారు. ఇదిగో, గోటితో గీరాను. లోపల పచ్చగా లేదూ?”

అత్తగారు వంగి చూసింది. పుల్ల చివర బఠాణీ గింజంత మొగ్గ బిగుసుకుని ఉంది.

“తెలిసినదానివి, ఇన్నాళ్లూ నోట్లో బెల్లం పెట్టుకున్నావా?”

“చెప్పాను. మొక్కలు పెంచడం నాకే నేర్పుతావా అన్నారు. అందుకే ఈసారి చెప్పకుండా కూర్చున్నాను.”

“అబ్బో, నోరు బాగా లేచిందే! ఉండు, మీ ఆయన్ని పిలుస్తాను.”

“పిలవండి. వస్తే ఇంకో పీట వేస్తాను.”

అత్తగారికి నవ్వు రాబోయింది, ఆపుకుంది.

“సరే, ముట్టుకోకుండా వదిలేసినా పూయకపోతే?”

“పై ఏడాది పూస్తుంది. ఆ కత్తెర ఇటివ్వండి.”

అత్తగారు ఇవ్వలేదు. కోడలు చాచిన చెయ్యి దించలేదు.