పేరమ్మ పెరట్లో బండ్లబాట

పేరమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు పోయాడు, పిల్లాజెల్లా లేరు. పట్నం చివర, గుట్టకీ చెరువుకీ మధ్య సందులో ఆమె గుడిసె, గుడిసె వెనక పెరడు. పని ఏందంటే విస్తళ్ళు కుట్టడం. పట్నంలో ఏ పెళ్ళి జరిగినా, ఏ దినం జరిగినా జనం ఆమె కుట్టిన ఆకుల్లోనే తినేవోళ్ళు. ఆమెని మటుకు పిలిచేవోళ్ళు లేరనుకో. చెడ్డోళ్ళని కాదు, గుర్తొచ్చేది కాదు, అంతే. పదిహేను రోజులకోసారి కొట్టు మనిషి వచ్చి, దడి మీంచే కట్టలు అందుకుని పోయేవాడు. ఒక్కోసారి మూడేసి రోజులు నోరు విప్పే పనే పడేది కాదంట. నాలుగోరోజు మాట్లాడబోతే గొంతు బొంగురుపోయి ఉండేదంట. అట్టా కూడా ఉంటదా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇట్టా ఉండగా ఏమైందంటే, ఏటికి వరదొచ్చి ఎగువన సాలెపల్లె కొట్టుకుపోయింది. నలభై ఇళ్ళవాళ్ళు మిగిలిన మగ్గాలు బండ్లకెత్తుకుని వచ్చి జమీందారు కాళ్ళమీద పడ్డారు. ఆయన గుట్టవెనక బీడు చూపించి, పేట కట్టుకోండి, చోటు నాది కాబట్టి ఇచ్చా, దారి నాది కాదు, మీరే చూసుకోండి అన్నాడంట. దారెక్కడుంది? ఒక పక్క గుట్ట, ఒక పక్క చెరువు. బండి పోవాలంటే పేరమ్మ పెరట్లోంచే పోవాల. ఈ మాట తెలిసి పట్నం పట్నమంతా లేచింది. చెరువు నీళ్ళు మనకే చాలవు, నలభై ఇళ్ళొస్తే ఏం తాగుతాం, ఆ మగ్గాల చప్పుడేంది, బండ్ల దుమ్మేంది, ఇయ్యాళ నలభై అంటారు రేపు నాలుగొందలంటారు అని. ఉత్త అబద్ధమూ కాదులే, ఎండాకాలం ఆ చెరువు అడుగంటేదే. పట్నం పెద్ద నారపరెడ్డి పదిమందిని వెంటేసుకుని, పళ్ళెంలో తాంబూలం పెట్టుకుని పేరమ్మ గుడిసెకొచ్చాడు. అప్పట్లో కాగితాలెక్కడివి, తాంబూలం అందుకుంటే మాట ఇచ్చినట్టే. వాళ్ళకి దారి ఇవ్వనని ఈ ఆకు అందుకో పేరమ్మా అన్నాడు.

పేరమ్మ గబగబా లోపలికీ బయటికీ తిరిగింది. పదిమంది మనుషులు. ఇంట్లో ఉండేది ఒకటే చాప. వాళ్ళని ఎట్టనో సర్ది కూర్చోబెట్టి, ఆకులేసి, సంగటీ గోంగూరా పెట్టింది. తిన్నారు, బాగుందన్నారు, పళ్ళెం ముందుకు జరిపారు. అది అందుకుంటే వీళ్ళు లేచిపోతారు, మళ్ళీ రారు గదా అని ఆమెకి తోచింది. ఒక ఆకు తీసి అటూ ఇటూ తిప్పి, కొన తెగిందయ్యా, కొన తెగిన ఆకుతో మాట ఇస్తే నిలబడదు, రేపు మంచిది తెండి అందంట. సాయంత్రం సాలెవాళ్ళూ వచ్చారు తాంబూలంతో, దారి ఇమ్మని. వాళ్ళకీ పెట్టింది. వక్క పుచ్చింది నాయనా, రేపు రండి అంది. ఇంక అదే వరస. పొద్దున పట్నంవాళ్ళు, సాయంత్రం సాలెవాళ్ళు. ఆకు వాడిందని ఒకరోజు, మరీ లేతదని ఒకరోజు, ఇయ్యాళ మంగళవారమని ఒకరోజు. ముసల్ది బేరం పెంచతందని వాళ్ళనుకున్నారు. గుడిసెకి కొత్త తాటాకు కప్పిస్తామన్నారు, పాడిమేకని ఇస్తామన్నారు. నీకు తెచ్చిన ఆకులతో ఒక తమలపాకు తోటే అయ్యేది గదా పేరమ్మా అని నారపరెడ్డి ఎగతాళి చేస్తే పదిమందీ నవ్వారు, ఆమే నవ్వింది. తన ఇంట్లో నవ్వు విని ఎన్నేళ్ళయిందో. కోక రోజూ ఉతుక్కునేదంట, విస్తళ్ళు కుట్టడం కూడా మరిచిపోయి వాకిట్లోకి చూస్తా కూర్చునేదంట. ఏం కావాలి పేరమ్మా నీకు అని ఒక్కరడిగుంటే చెప్పేదేమో. ఎవరూ అడగలా.

ఇరవైరెండో రోజు ముసురు పట్టింది. ఇటువాళ్ళూ రాలా, అటువాళ్ళూ రాలా. మధ్యాన్నం ఒక్క ఆడమనిషి తడుచుకుంటా వచ్చింది. సాలెవాళ్ళ చౌడమ్మ. చేతిలో పళ్ళెం లేదు, కుండపెంకు ఉంది. అవ్వా, నీ పొయ్యిలో నిప్పుంటే కాస్త పెట్టు, మా కోడలికి పురుడొచ్చింది, కట్టెలన్నీ తడిసి నీళ్ళు కాగట్లేదు అంది. పేరమ్మ నిప్పులు తీస్తా తీస్తా, పురుడెక్కడ పోశారమ్మా అనడిగింది. బండికింద, అంది చౌడమ్మ.

"బండ్లకింద ఎన్నాళ్ళుగా ఉన్నారే?"

"వక్క పుచ్చిందని నువ్వన్న కాడినుంచి, అవ్వా."

కోపంగా అనలేదంట. ఉన్నమాట చెప్పినట్టు చెప్పిందంట. పేరమ్మ పెంకులో నిప్పులు పోసి, మీద ఇంకో పెంకు మూసి ఇచ్చింది. చౌడమ్మ పోయినాక చాప చుట్టి చంకనపెట్టుకుని తనూ వానలోనే బయల్దేరింది. ఒకరింటికని ఆమె నడిచి పోయింది ఆ రోజే అనుకో, అదీ ఇల్లు లేనోళ్ళ కాడికి. చాప బాలింతకి ఇచ్చి, సాలెపెద్దల ముందు నిలబడి, "ఆకులో ఏ తప్పూ లేదు నాయనా. ఏ రోజూ లేదు. దడి పీక్కుని పోండి" అని చెప్పి వచ్చేసిందంట.

నలభై బండ్లూ ఒక్కరోజులో దాటినయ్యి. గుట్టవెనక పేట లేచింది. పట్నంవాళ్ళు ఇంక పేరమ్మ మొహం కూడా చూసేది లేదన్నారు, కొట్టు మనిషి కూడా రావడం మానేశాడు. సాలెవాళ్ళు కృతజ్ఞత లేనోళ్ళేం కాదు, ఏటా ఒక కోక పెట్టేవోళ్ళు. కానీ మగ్గం ముందు కూర్చున్నోళ్ళకి తీరికెక్కడిది? గుడిసె వాకిలి పట్నం వైపు ఉంటే దాన్ని మూయించి, బాట వైపు తెరిపించుకుందంట ఆమె. పొద్దుగూకులూ బండ్లే. నారపరెడ్డి కూడా కూతురి పెళ్ళికోకలకని సాలెపేటకి ఆ బాటనే పోయాడంట, గుడిసె కాడికొచ్చేసరికి చెరువు వైపు మొహం తిప్పుకుని. వద్దన్నోళ్ళ బండ్లే ఎక్కువ తిరుగుతాయమ్మా ఏ బాటమీదైనా, చూసుకోండి కావాలంటే. సాలెవాళ్ళయితే మొహం తిప్పుకునేవోళ్ళు కాదు. బాగున్నావా అవ్వా అని బండి మీంచే అడిగేవోళ్ళు. బాగున్నా నాయనా, కాసేపు కూర్చుని, అని ఈమె అనేలోపల బండి దాటిపోయేది. ఆ మిగతా మాట ఎవరికి చెప్పుకునేదో నాకు కథ చెప్పినోళ్ళు చెప్పలేదు. నేనూ అడగలేదు.